ద్రాక్ష కోత అయ్యాక

అడవి జంతువుల్ని చూపించే మా క్యాంపుకి, గైడు మొతుసి కథలు వినడానికే మళ్ళీ మళ్ళీ వచ్చే అతిథులు ఉండేవారు. సింహాలదేముంది, ఒకవాంగో నది నీళ్ళలో ఏ దీవికి వెళ్ళినా కనబడతాయి. కానీ మొతుసి జీపు ఆపి, ఇంజను కట్టేసి, స్టీరింగు మీద మోచేతులు ఆనించి ఒక మాట మొదలుపెట్టాడంటే, వెనక కూర్చున్నవాళ్ళు కెమెరాలు ఒళ్ళో పెట్టుకుని అలాగే ఉండిపోయేవారు. వాళ్ళ నాన్న పడవను నీటిగుర్రం బోల్తా కొట్టించిన రోజు గురించి అతను ఎక్కువగా చెప్పేవాడు. అప్పటికి చిన్న పిల్లాడు. ఒడ్డున నిలబడి అంతా చూశాడట. తండ్రి తేలలేదు, పడవ నడిపే గడ మాత్రం తేలుతూ వచ్చింది. దాన్ని భుజాన వేసుకుని ఇంటికి వెళ్ళి, తల్లికి ఏమీ చెప్పకుండా గోడకు ఆనించి నిలబెట్టాడట. అది విని ఏడవని అతిథి నాకు తెలియదు.

నేను అదే క్యాంపులో పడవ నడుపుతాను. మొతుసీ నేనూ ఇంచుమించు ఒకేసారి పనిలో చేరాం. ఆ తర్వాతి ఏడాది బొనొలో అనే అమ్మాయి వచ్చింది, బారులో పనికి. వాళ్ళిద్దరి పెళ్ళికి మా ఆచారం ప్రకారం పిల్లవైపువాళ్ళకు ఇవ్వాల్సిన ఆవుల్ని మౌన్ పట్నానికి తోలుకెళ్ళిన మగవాళ్ళలో నేనూ ఒకణ్ణి. పెళ్ళయ్యాక క్యాంపు వెనక జంటలకిచ్చే గుడిసెల్లో ఒకటి వాళ్ళకిచ్చారు.

మొతుసిది మద్యం ముట్టని చర్చి. ఆదివారం చొక్కాకు ఆకుపచ్చ గుడ్డముక్క మీద వెండి నక్షత్రం తగిలించుకుని తిరిగేవాడు. అలాంటివాడి పెళ్ళాం సీసాలు తీసి పోసే పనిలో ఉండటం అతని తల్లికి మొదటినుంచీ మింగుడుపడలేదు. పోసి ఊరుకున్నా ఏదోలా సర్దుకునేదేమో. కానీ బొనొలోకి వైన్ వాసనల్లో తేడాలు తెలిసేవి. ఏటా అతిథుల రద్దీ మొదలుకాకముందు ద్రాక్షతోటలుండే కేప్ నుంచి ఒకాయన వచ్చి బారువాళ్ళకు వైన్‌ల సంగతి నేర్పిపోయేవాడు. బొనొలో గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది వాన రాబోయే ముందు మట్టి, ఇది మేక తోలు ఆరేసిన పెరడు అని చెబుతుంటే, ఆయన సీసా మీద సీసా తీసి ఆమె ముందు పెట్టాడు. ఆ ఏడు వెళ్తూ వెళ్తూ, అక్కడి ఫ్రాన్స్‌హుక్ లోయలో వైన్ చదువుకి చోటు ఇప్పిస్తాను, వస్తావా అని అడిగాడు.

మొతుసి వెళ్ళమనీ అనలేదు, వద్దనీ అనలేదు. తనే జీపులో ఆమెను విమానం దిగే ఇసుక మైదానం దాకా తీసుకువెళ్ళాడు. ద్రాక్ష కోత అయ్యాక వచ్చేస్తాను అని ఆమె చెప్పింది. ఆ కోత అయింది. ఆ తర్వాతిది అయింది. ఆ పై ఏటిదీ అయింది. మొదట్లో ఫోన్లు నడిచేవి. తర్వాత పండక్కి పండక్కి మాత్రమే అయ్యాయి. మేం ఎవరం అడిగినా మొతుసి, క్రిస్మస్‌కి వస్తోంది అనేవాడు.

పెద్దవయసు ఆడవాళ్ళను మేం మర్యాదగా మ్మా అంటాం. మా వంటావిడ మ్మా పాకో ఒకసారి అందరి ముందూ అననే అంది. "ఏ క్రిస్మస్సో సరిగ్గా చెప్పు నాయనా, కేకులో ఇంకో రెండు గుడ్లు వేస్తాను."

అందరం నవ్వాం. అతనూ నవ్వాడు. కానీ ఆ రోజు అన్నం మధ్యలో లేచి వెళ్ళాడు.

*

ఆగస్టులో జోహన్నెస్‌బర్గ్ నుంచి డాక్టర్ ఇర్మా వచ్చింది. ఆమె ఏటా అదే నెలలో, ఎల్సబె అనే పినతల్లి కూతురుతో కలిసి వచ్చేది. ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు. ఇర్మా ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరుగా చేసి ఉద్యోగం విరమించింది. తొలిసారి జీపెక్కినప్పుడే మొతుసితో అందట: "నా పనంతా మనుషుల్ని నిద్రపుచ్చడమే. మెలకువగా ఉన్నవాళ్ళతో ఏం మాట్లాడాలో నాకు తెలీదు. నువ్వే మాట్లాడు." అప్పటినుంచీ అతను మాట్లాడుతూనే ఉన్నాడు. ఆమెకు వేరే గైడు పనికిరాడు.

ఈసారి ఒక్కతే దిగింది. బయలుదేరే ముందు ఎల్సబె స్నానాలగదిలో జారి తుంటి విరగ్గొట్టుకుందట. మొదటి సాయంత్రం నీటి ఒడ్డున ఎప్పటిలాగే బల్ల వేసి, తెల్లగుడ్డ పరిచి, గ్లాసులు పెట్టాం. పొద్దు ఎర్రగా వాలుతోంది. జీపు దిగబోతూ ఇర్మా మెట్టు ఉన్నచోట కాకుండా పక్కన కాలు వేసింది. మొతుసి పట్టుకోకపోతే ఆమె తుంటి కూడా విరిగేదే. ఆమె అతని మోచెయ్యి వదలకుండా బల్ల దాకా నడిచి, కూర్చున్నాక చెప్పింది, వెలుతురు తగ్గితే తనకిప్పుడు మనుషులు నీడల్లా కనిపిస్తున్నారని, ఎల్సబె ఉంటే చెయ్యి పట్టుకుని నడిపించేదని. ఇక్కడ వారం గడిచాక ఆమె కేప్‌కి వెళ్ళి ద్రాక్షతోటల్లో మరో వారం ఉండాలి. ఎల్సబె పేరు మీద విమానంలో సీటు, హోటల్లో గది ఖాళీగానే ఉన్నాయి.

"నువ్వు రా," అంది ఇర్మా. "ఇన్నేళ్ళుగా నీ ఊరు చూపించావు. ఇప్పుడు నేనేదో చూపిస్తానని కాదు. నాకు ఒక చెయ్యి కావాలి."

మొతుసి మర్యాదగా తప్పించుకుంటాడని నేననుకున్నాను. ఎక్కడికి వెళ్ళాలి మ్మా అని అడిగాడు. ఫ్రాన్స్‌హుక్ అని ఆమె అంది. అతను వంగి బూటు తాడు కట్టుకున్నాడు. అది ఊడలేదు, కట్టే ఉంది. సరే మ్మా, మేనేజరు ఒప్పుకుంటే వస్తాను అన్నాడు.

మేనేజరు ఒప్పుకుంది. అతని దగ్గర ఖాకీ బట్టలు తప్ప ఏమీ లేవు కాబట్టి నా పెళ్ళి కోటు ఇచ్చాను. మౌన్‌లో విమానం మారేటప్పుడు అతను సంతకు పరుగెత్తి మేం కూర వండుకునే మొపానె చెట్టు పురుగులు, ఎండబెట్టినవి, ఒక పొట్లం కొన్నాడట. బొనొలోకి అవంటే ప్రాణం. తనకు అక్కడ భార్య ఉందని మాత్రం ఇర్మాతో చెప్పలేదు. ఇన్నేళ్ళలో ఆమెకు నాన్న గురించి, తాత గురించి, చిన్నప్పటి మేకల గురించి అన్నీ చెప్పినవాడు ఈ ఒక్కటీ చెప్పలేదు.

*

అక్కడ జరిగింది నేను చూడలేదు. అతను చెప్పగా విన్నదే.

కేప్‌లో అది వానాకాలం. కొండల మీద మంచు, లోయంతా ముసురు. ఆకు లేని ద్రాక్షతీగలు బారులు బారులుగా, కాల్చిన కట్టెల్లా నిలబడి ఉన్నాయట. హోటల్ ముందు కారు ఆగగానే ఒక మనిషి వచ్చి మొతుసి సంచి అందుకోబోయాడు. ఇతను వదల్లేదు. ఇద్దరూ కాసేపు అటూ ఇటూ లాక్కున్నారు. మర్నాడు పొద్దున ఫలహారం అయ్యాక అలవాటుకొద్దీ ఇద్దరి ప్లేట్లూ పేర్చి వంటింటివైపు నడిచాడు. వడ్డించే కుర్రాడు ఎదురొచ్చి మెల్లగా, "అన్నా, మా కడుపు కొట్టకు," అన్నాడట. మొతుసి ప్లేట్లు అతని చేతిలో పెట్టి వెనక్కి వచ్చి కూర్చున్నాడు. ఆ తర్వాత చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదన్నాడు.

రోజంతా ఇర్మాకు చెయ్యి అందించి తోట తర్వాత తోట తిరిగాడు. నేలమాళిగల్లో పీపాల మధ్య మెట్లు దిగేటప్పుడు ఒక్కో మెట్టూ చెప్పేవాడు. ఎవరు ఎదురైనా నవ్వి, సర్ అనేవారు. ఎవరూ అతన్ని ఏమీ అడగలేదు, ఏదీ చెప్పమనలేదు. మా దగ్గరైతే అతను నోరు విప్పితే పదిమంది చెవులు ఒగ్గుతారు. ఇక్కడ ఇర్మా కూడా ముసురు చూస్తూ ఎక్కువగా ఊరుకునేది. గదిలో పెద్ద మంచం, మెత్తటి దిండ్లు, నీటిగుర్రాల గురక లేని నిశ్శబ్దం. బొనొలో నంబరు ఫోన్లో ఉంది. తీసి చూసేవాడు, మళ్ళీ జేబులో పెట్టుకునేవాడు. ఎందుకంటే ఆదివారం మధ్యాహ్నం భోజనం ఏ తోటలోనో హోటలువాళ్ళు ముందే చెప్పారు. బొనొలో పనిచేసేది అక్కడే. ఇర్మా అక్కడి వంట గురించి ఎక్కడో విని తనే కోరి బల్ల చెప్పించుకుంది.

ఆదివారం వాన గట్టిగా పట్టింది. భోజనశాలలో నిప్పు వేసిన గూడుకు దగ్గరగా వాళ్ళ బల్ల. మొతుసి తలుపువైపు వీపు పెట్టి కూర్చున్నాడు. చూడకూడదని కాదు, ముందు తనే చూడాల్సి వస్తుందేమోనని.

ఆమె పక్కనుంచి వచ్చింది. నల్ల ఏప్రను, చేతి మీద తెల్లగుడ్డ. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. చిక్కింది. అతన్ని చూసి, చేతి మీది గుడ్డను ఇంకో చేతి మీదికి మార్చుకుంది, అంతే.

"గుడాఫ్టర్‌నూన్ మ్యాడమ్. గుడాఫ్టర్‌నూన్ సర్. ఈ పూట మీ వైన్‌లు నేను చూసుకుంటాను."

మొతుసి థాంక్యూ అన్నాడు. పెళ్ళాడిన నాటినుంచీ వాళ్ళిద్దరి మధ్య నువ్వు తప్ప ఇంకో మాట లేదు.

ఆమె ఇర్మాతో మాట్లాడింది. నాలుగు రకాలు రుచి చూస్తారా, ఆరా అని అడిగింది. సీసా తీసి కొంచెం పోసి, ఇది ముసలి తీగల కాపు, తక్కువే కాస్తుంది కానీ రుచి ఉంటుంది, ముందు జామపండు వాసన తగులుతుంది, ఆగితే తడిసిన రాయి వస్తుంది అని చెప్పింది. గొంతు అదే. మాట తీరు మారిందని మొతుసి అన్నాడు. తొందర లేదట, ఎవరో వింటారని నమ్మకం ఉన్నవాళ్ళ మాటలా ఉందట. తర్వాత ఆమె వెళ్ళి, సన్నని గ్లాసులో ఎర్రటి రసం తెచ్చి అతని ముందు పెట్టి వెళ్ళిపోయింది. అది పులియబెట్టని ద్రాక్షరసం.

రెండో వంటకం వచ్చాక ఇర్మా ఫోర్కు పక్కన పెట్టింది.

"ఆ అమ్మాయి నిన్ను అడగలేదు."

"ఏమిటి మ్మా?"

"నన్ను నాలుగా ఆరా అని అడిగింది. నువ్వు తాగవని నేను చెప్పలేదు, నువ్వూ చెప్పలేదు. తెచ్చి పెట్టేసింది."

మొతుసి పళ్ళెం వైపు చూశాడు.

"నా కళ్ళు పోతున్నాయి గానీ ఎదుటి మనిషి ఊపిరి ఎలా తీస్తున్నాడో ఇంకా తెలుస్తుంది. నేను చేసిన ఉద్యోగం అదే. ఆమె బల్ల దగ్గరికి వచ్చినప్పుడల్లా నీకు ఊపిరి ఆగుతోంది. ఎవరు ఆ అమ్మాయి?"

"నా భార్య, మ్మా."

ఇర్మా చెయ్యెత్తి బొనొలోని పిలిచింది. మొతుసికి బల్ల కిందికి దూరిపోవాలనిపించిందట.

"నీకు సెలవెప్పుడమ్మా?" అంది ఇర్మా.

"రేపు, మ్యాడమ్. సోమవారం మూసేస్తాం."

"అయితే ఇతనికి రేపు నాతో పని లేదు."

బొనొలో అప్పుడు మొదటిసారి అతనివైపు సూటిగా చూసి మా భాషలో మాట్లాడింది.

"ఆ కోటు ఎవరిది?"

అతను నా పేరు చెప్పాడు.

"భుజాల దగ్గర పట్టేసింది," అని, ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్ళింది.

*

తోట వెనక పనివాళ్ళ ఇళ్ళ వరసలో ఆమెకొక గది. సోమవారానికి వాన వెలిసింది గానీ చలి చాలా ఉంది. ఆమె గేటు దాకా వచ్చి నిలబడింది. గదిలో మంచం, రెండు కుర్చీలు, కిటికీ నిండా ఖాళీ సీసాలు. పొట్లం ఇస్తే విప్పి వాసన చూసి, కళ్ళు మూసుకుంది. తర్వాత పురుగుల్ని నానబెట్టి, ఉల్లిపాయ టమాటా వేసి వేయించింది. సంకటి కలిపింది. ఇద్దరూ చేతులు కడుక్కుని తిన్నారు. అతని తల్లి ఎలా ఉంది, ఈ ఏడు నీళ్ళు ఎంతదాకా వచ్చాయి, మ్మా పాకో మోకాలు తగ్గిందా అని ఆమె అడుగుతుంటే అతను చెబుతున్నాడు. తిండి అయ్యాక అడగడానికి ఆమెకేమీ మిగల్లేదు.

"ఇక్కడ ఇంకెవరైనా ఉన్నారా?" అని అతను అడిగాడు.

"లేరు. ఉంటే నీకు సుళువుగా ఉండేది కదూ?"

అతను ఒప్పుకున్నాడు. ఉంటే కోపం తెచ్చుకుని వెళ్ళిపోవచ్చు.

"ఒక్కదానివే ఎలా ఉంటున్నావు?"

"ఉంటున్నాను. ఆదివారం రాత్రి అందరూ వెళ్ళిపోయాక బాగా అనిపిస్తుంది. ఈ వరసలోవాళ్ళు వాళ్ళ ఆఫ్రికాన్స్ భాషలో మాట్లాడుకుని నవ్వుకుంటారు, నాకు సగం తెలీదు. ఒక్కోసారి రోజంతా అయ్యాక చూసుకుంటే, వైన్‌ గురించి తప్ప ఒక్క మాటా మాట్లాడి ఉండను."

"మరి వచ్చెయ్యి."

ఆమె పళ్ళేలు తీసి తొట్టిలో పెట్టింది. వెనక్కి తిరక్కుండానే మాట్లాడింది.

"మీ నాన్న పడవ బోల్తాపడ్డ సంగతి నాకెలా తెలుసో నీకు గుర్తుందా?"

అతనికి గుర్తులేదు.

"బారు వెనక గ్లాసులు తుడుస్తున్నాను. నువ్వు నిప్పు దగ్గర ఎవరో జర్మన్‌వాళ్ళకు చెప్తున్నావు. ఆ గడను గోడకు నిలబెట్టానని నువ్వు అంటుంటే ఒకావిడ ఏడ్చింది. నేను అక్కడే నిలబడి విన్నాను. అప్పటికి మన పెళ్ళయి ఏడాది దాటింది, మొతుసి. మీ అమ్మ మంచంలోంచి లేవని ఆ చలికాలం సంగతీ అలాగే విన్నాను. మీ తాత మేకలూ అంతే. తెల్లారకముందే వెళ్ళేవాడివి. రోజంతా వాళ్ళకు చెప్పి చెప్పి, గుడిసెకి వచ్చేసరికి నీ దగ్గర మాటలు అయిపోయేవి. బూట్లు విప్పి, రేపు పొద్దున్నే లేవాలి అనేవాడివి. పక్కన నేను పడుకుని ఉండేదాన్ని."

అతను అలసిపోయేవాణ్ణి అందామనుకున్నాడు. అది నిజమే. కానీ ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆమె కూడా పొద్దుటినుంచీ నిలబడి పనిచేసేదే.

"ఇక్కడి ఒంటరితనం నేను తెచ్చుకున్నది," అంది ఆమె. "అక్కడిది నువ్వు పెట్టింది. రెండూ ఒకటి కావు."

"నేనిక్కడికి వచ్చేస్తే? అతిథుల కార్లు నడిపే పని దొరుకుతుంది. ఆ హోటల్లో అడిగితే ఇస్తారు."

ఈసారి ఆమె తిరిగి చూసింది. చేతులు తుడుచుకుని వచ్చి అతని ఎదురుగా కూర్చుంది. ఆలోచించిందట, నిజంగానే. కిటికీలో సీసాల మీద ఎండ పడి పోయేంతసేపు ఆలోచించింది.

"రావద్దు," అంది. "మొదటి ఏడు అడిగి ఉంటే రమ్మనేదాన్ని. ఎదురుచూశాను కూడా. ఫోన్ మోగినప్పుడల్లా, ఇవాళ అడుగుతాడు అనుకునేదాన్ని. నువ్వు నీళ్ళు ఎంతదాకా వచ్చాయో చెప్పేవాడివి."

"నువ్వు వస్తానన్నావు. వస్తానన్నదాన్ని రమ్మని ఎలా అడుగుతాం?"

"అదీ నిజమే," అని ఆమె నవ్వింది. నవ్వుతూనే ముఖం చేతుల్లో పెట్టుకుంది. అతను లేచి ఆమె తల మీద చెయ్యి వేశాడు. పొట్టి జుట్టు అరచేతికి కొత్తగా తగిలింది. తనకు భయంగా ఉందని, ఎప్పుడూ భయంగానే ఉండేదని, అతిథులకు చెబితే వాళ్ళు వెళ్ళిపోతారు కాబట్టి చెప్పగలిగేవాణ్ణని, ఇంట్లో మనిషికి చెబితే ఆ మాట ఇంట్లోనే ఉండిపోతుందని, అలా ఏవేవో అన్నాడు. పెళ్ళయ్యాక అతను ఆమెతో అంతసేపు మాట్లాడింది అదే మొదటిసారి. ఆమె అంతా విన్నది. మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అయినా మనసు మార్చుకోలేదు.

సాయంత్రం అవుతుంటే గేటు దాకా వచ్చింది. మనవైపు వానలు మొదలయ్యేలోగా మౌన్‌కి వస్తాను, పెద్దల్ని కూర్చోబెట్టి విడిపోతున్నామని నేనే చెబుతాను, నువ్వొక్కడివే మోయక్కర్లేదు అంది. కోటు చేతులు కిందికి లాగి సర్దింది. అంతే, లోపలికి వెళ్ళింది.

అతను హోటల్‌కి నడిచి వచ్చేసరికి ఇర్మా నిప్పు దగ్గర ఒక్కతే కూర్చుని ఉంది. పక్క కుర్చీ చూపించింది. ఎలా జరిగిందని అడగలేదు. బయట కొండ ఎలా ఉందో చెప్పు, నాకు మసగ్గా ఉంది అంది.

"మబ్బు పట్టింది మ్మా. పైన మంచు ఉంది."

"అంతేనా?"

"అంతే మ్మా."

ఆమె తల ఊపింది. ఇద్దరూ సూపు తాగారు. మిగిలిన రోజులు ముందటిలాగే తోటలు తిరిగారు, మెట్లు వచ్చినప్పుడు అతను మెట్టు అన్నాడు, ఆమె కాలు వేసింది. చివరికి విమానాశ్రయంలో ఆమె జోహన్నెస్‌బర్గ్ వైపు, అతను మౌన్ వైపు వెళ్ళేచోట ఆమె చెప్పింది, వచ్చే ఏడు నేను రాను మొతుసి అని. కళ్ళవల్లా అని అతను అడిగితే, కళ్ళవల్ల కూడా అంది. ఎల్సబె ఇక నడవలేకపోవచ్చని, ఆ ఇంట్లో ఉన్నది తామిద్దరేనని చెప్పి, అతని చెంప మీద చెయ్యి పెట్టి చూసింది, తాకి గుర్తుంచుకునేవాళ్ళలా. ఎయిర్‌లైన్సు పిల్ల చక్రాల కుర్చీ తెచ్చింది. ఇర్మాకు అది నచ్చలేదు, అయినా కూర్చుంది.

*

అతను క్యాంపుకి వచ్చేసరికి మేం మధ్యాహ్నం తిండికి కూర్చున్నాం. అతిథులంతా గుడారాల్లో నిద్రపోయే వేళ. నా కోటు మడతపెట్టి నా పక్కన పెట్టాడు. మ్మా పాకో సంకటి, దంచిన మాంసం అతని పళ్ళెంలో వేస్తూ యథాప్రకారం అడిగింది, పెళ్ళాన్ని చూశావా, ఎప్పుడొస్తోంది అని. మేం క్రిస్మస్ అనే మాట వినగానే నవ్వడానికి సిద్ధంగా ఉన్నాం.

"రాదు, మ్మా పాకో," అన్నాడు. "రాదు. తప్పు ఎక్కువగా నాదే."

తర్వాత మొత్తం చెప్పాడు. ఇప్పుడు నేను చెప్పినదంతా అప్పుడు విన్నదే. జీపులో చెప్పేటట్టు చెప్పలేదు. ఎక్కడ ఆపాలో తెలియక ఆగాడు, చెప్పిందే చెప్పాడు, పురుగుల పొట్లం సంగతి మరిచిపోయి వెనక్కి వెళ్ళాడు. ఎవరూ ఏడవలేదు. సంకటి చల్లారిపోయింది. అతను ముగించాక మ్మా పాకో చల్లారిన పళ్ళెం తీసేసి వేడిది పెట్టింది.

"తిను," అంది. "ఆ పిల్ల ఎప్పుడొచ్చినా నా దగ్గరికి రమ్మను. దానిమీద నాకేం కోపం లేదు."

అక్టోబరులో బొనొలో వచ్చింది. మౌన్‌లో ఆమె మేనమామ ఇంటి ముందు పెద్దలు కూర్చున్నారు. ఆమే మాట్లాడింది. మొతుసి తల్లి ఆమె మద్యం పోసే పని గురించి ఏదో ఎత్తబోతే మొతుసి అడ్డుపడి, అది కాదమ్మా అన్నాడు. పెళ్ళికిచ్చిన ఆవుల్ని తిరిగిచ్చే మాట మేనమామ తీసుకొచ్చినప్పుడు, నాకేమీ వద్దు అన్నాడు మొతుసి. పొద్దెక్కకముందే అయిపోయింది. ఇద్దరూ అందరి ముందూ చేతులు కలుపుకున్నారు, మర్యాదగా, కొత్తవాళ్ళలా. ఆమె ఆ రోజే తిరిగి వెళ్ళింది. అక్కడ తీగలు చిగుళ్ళు వేస్తున్నాయట, పని ఉందట.

జంటల గుడిసె ఇక అతనికి చెందదు. వంటింట్లో కొత్తగా చేరిన మొగుడూ పెళ్ళాలకు దాన్ని ఇచ్చారు. ఒంటరి మగవాళ్ళ వరస మేముండేవైపు కాక నీటి ఒడ్డు వెంబడే అవతలి కొసన ఉంటుంది. ఒక మధ్యాహ్నం అతను మంచం మోసుకెళ్ళడానికి నన్ను సాయం పిలిచాడు. దాన్ని తను బొనొలో కోసమే మౌన్ నుంచి పడవలో తెప్పించాడు, మంచి గట్టి కర్ర, బరువు. ఎండ మండిపోతోంది. ఇసుకలో కాళ్ళు దిగబడుతున్నాయి. సగం దారిలో తాటిచెట్ల గుంపు దగ్గరకు వచ్చేసరికి ఒక ఏనుగు బాటకు అడ్డంగా నిలబడి, నుదురు చెట్టుకు ఆనించి కాయలు రాలుస్తోంది.

మంచం దించాం. దానికి తొందర లేదు. ఒక్కో కాయా వెతికి ఏరుకుని తింటోంది. పక్కనుంచి వెళ్ళడానికి దారి లేదు, మంచంతో వెనక్కి వెళ్ళే ఓపికా లేదు. కాసేపు నిలబడి, తర్వాత ఇద్దరం ఆ ఇసుకబాట మధ్యలో మంచం మీదే కూర్చున్నాం.

అతిథులు ఉండి ఉంటే ఆ ఏనుగు గురించి అతను ఎంతో చెప్పేవాడు. అది అతనికి చిన్నప్పటినుంచీ తెలుసు. నేను అడుగుదామనుకుని ఊరుకున్నాను. అతను మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, కాయలు రాలుతుంటే చూస్తున్నాడు. చాలాసేపటికి ఏనుగు చెట్టు వదిలి నీళ్ళవైపు నడిచింది.

"పట్టు," అన్నాడు మొతుసి.

నేను నా కొస పట్టుకున్నాను.